గోదావరి లంకల్లో పార్సిళ్లు అందించే కాంట్రాక్టు కుర్రాళ్ల కూలి, కోతలు

ప్రశ్న (రాజోలు నుంచి)

మా తమ్ముడు ఒక కాంట్రాక్టరు దగ్గర పార్సిళ్లు అందించే పని చేస్తున్నాడు. నెల జీతం లేదు, అందించిన పార్సిలుకు ఇంత అని లెక్క కట్టి ఇస్తారు. బండి, పెట్రోలు, ఫోను అన్నీ అతనివే. బజారులో ఇచ్చినా, రేవు దాటి లంకలో ఇచ్చినా ఒకటే రేటు. వరదకు పడవలు ఆగితే ఆ రోజు కూలి ఉండదు, కొన్నవారు తిప్పి పంపిన సరుకుకు పైసా రాదు. పోయిన నెల నగదు లెక్కలో తేడా వచ్చిందంటూ, ఏ కాగితమూ చూపకుండా డబ్బు కోశారు. అడిగితే ‘నువ్వు మా ఉద్యోగివి కావు’ అంటున్నారు. ఈ కోతను ప్రశ్నించే హక్కు అతనికి ఉన్నదా? దారిలో ప్రమాదం జరిగితే దిక్కెవరు?

జవాబు (అమలాపురం నుంచి)

అమ్మా, 2025 నవంబరు 21 నుంచి అమలులో ఉన్న వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం ప్రకారం, అప్పగించిన సరుకు గాని, లెక్క చెప్పవలసిన డబ్బు గాని ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనే పోయినప్పుడు మాత్రమే జీతంలో కోయవచ్చు. అది కూడా అతని వివరణ విన్న తరువాతే, నష్టానికి మించకుండా కోయాలి. అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు. ‘ఉద్యోగివి కావు’ అన్న మాట ఈ రక్షణను తప్పించుకోవడానికే పుట్టిందని నా అభిప్రాయం. అతను ఉద్యోగి అవునో కాదో కాంట్రాక్టరు నోటిమాటతో తేలిపోదు. పనివేళ, రూటు ఎవరు నిర్ణయిస్తున్నారో, రాకపోతే జరిమానా ఎవరు వేస్తున్నారో రుజువులతో కార్మిక శాఖ అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయించండి.

జవాబు (నరసాపురం నుంచి)

నేనూ ఈ పనిలోనే ఉన్నాను. రుజువు ఆ రోజుకు ఆ రోజే దాచుకోవాలి, ఎందుకంటే పని మాన్పించిన మరుక్షణం యాప్‌లోకి వెళ్లనివ్వరు. ఎన్ని పార్సిళ్లు తీసుకున్నాడో, ఎన్ని తిరిగొచ్చాయో సాయంత్రం స్క్రీన్‌షాట్ తీసుకోమనండి. నగదు అప్పగించినప్పుడల్లా పుస్తకంలో సంతకం పెట్టించుకోమనండి. రేటు సంగతి మాత్రం ఒంటరిగా అడిగితే తెగదు. సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషులను, బండ్లను నది దాటించే పడవ) ఆగిందంటే మేము చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి, ఆ పెట్రోలు మా కూలిలోంచే పోతుంది. అందుచేత ఆ రూటు కుర్రాళ్లందరూ కలిసి, రేవు దాటే పార్సిళ్లకు వేరే రేటు కావాలని రాసి ఇవ్వాలి.

జవాబు (పాలకొల్లు నుంచి)

ప్రమాదం గురించి ఎవరూ చెప్పలేదు. సామాజిక భద్రతా కోడ్ ప్రకారం సరుకు రవాణా చేయించే యాప్ సంస్థలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం గిగ్ కార్మికుల, అంటే నెల జీతం లేకుండా పనికింత అని చేసేవారి, నిధికి కట్టాలి. ఆ మేలు చేతికందేదాకా ఆగవద్దు. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈశ్రమ్ పోర్టల్‌లో నమోదు చేయించండి, బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ప్రమాదంలో మరణించినా, పూర్తి అంగవైకల్యం కలిగినా 2 లక్షలు వస్తుంది. చేయి విరిగి నెల రోజులు మంచాన పడితే మాత్రం దానివల్ల పైసా రాదు. ఆ రోజుల కూలి ఎవరిస్తారో కార్మిక శాఖకు ఇచ్చే ఫిర్యాదులోనే అడగాలి.