సమస్య: "లేదు లేదటన్న లేని దెట్లు?"

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

*లేదు లేదటన్న లేని దెట్లు?*

ఇది మనవరాలి ఇంగ్లీషు వర్క్‌బుక్ ముందు కూర్చుంటే తట్టింది. వాక్యాన్ని వ్యతిరేకార్థంలోకి మార్చు, ప్రశ్నగా మార్చు, 'ఇఫ్'తో కలుపు అని పేజీ నిండా ఉంది. పిల్ల పెన్సిలు కొరుకుతోంది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో ఇదే చెప్పి రిటైరయిన నాకు పిల్ల మీద జాలేసింది. అందుకే ఆ మూడింటినీ ఒక్క పాదంలో ఇరికించాను: 'అటన్న' చేదర్థకం (మన 'అంటే', వాళ్ళ 'ఇఫ్'), 'లేదు' వ్యతిరేకం, 'ఎట్లు' ప్రశ్న. పూరణలో ఇంగ్లీషు వ్యాకరణం వాసన తగలాలి. అరసున్నలు పెట్టినా మానినా అడగను. యతి మాత్రం, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన జత, వదలను.

ఒంగోలు పంతులమ్మ:
మాస్టారూ, నమస్కారం. ఇది మా క్లాసులో జరిగిందే. పిల్లవాడి పేరు మార్చాను.

పెన్ను లేదె యనుచుఁ బిలిచి యొజ్జ యడుగ
నాటు నోయుఁ గలిపి నాని చెప్పె;
రెండు కలిసినంత రిక్త మెక్కడి దింక?
లేదు లేదటన్న లేని దెట్లు?

వరంగల్ లెక్కల సార్:
మంచిగున్నది మేడం. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. మా సూత్రాన్ని ఇంగ్లీషోళ్ళు ఎత్తుకపోయిన్రన్నమాట.

నిర్వాహకుడు:
పె–బి, రె–రి యతులు కుదిరాయమ్మా. 'నాటు నోయుఁ గలిపి' దగ్గర పైకే నవ్వాను.

సార్, ఎత్తుకుపోయింది ఆలస్యంగానే. 14వ శతాబ్దపు కవి చాసర్ ఒక వీరుణ్ణి మెచ్చుకుంటూ, అతడు జన్మలో ఎవరినీ తూలనాడి ఎరగడని చెప్పడానికి ఒకే వాక్యంలో నాలుగు 'లేదు'లు వాడాడు. అన్నీ కలిసి 'లేదు'ను గట్టిపరిచాయే గాని ఒకదాన్నొకటి కొట్టేసుకోలేదు. 18వ శతాబ్దంలో రాబర్ట్ లౌత్ వంటి వ్యాకర్తలు వచ్చి రెండు 'నాట్'లు కలిస్తే 'ఉంది' అవుతుందని పుస్తకాలకెక్కించారు. లౌత్ వ్యాకరణం తొలిసారి అచ్చయింది 1762లో. అంతకు ముందు పుట్టి ఉంటే మన నానికి మార్కులు పోయేవి కావు.

కావలి శిష్యుడు:
గురువుగారూ, మన దగ్గర ఉన్నదానికి లండన్ దాకా ఎందుకండీ?

లేకపోను లేదు లే మన తెలుఁగున
రాక మానఁ డన్న రాక నిజము;
ఆంగ్ల మడుగ నేల? యమ్మమ్మ యనుఁ గదా
లేదు లేదటన్న లేని దెట్లు?

నిర్వాహకుడు:
శభాష్. మొదటి 'రాక' రాకపోవడం, రెండోది రావడం. ఒక్క పాదంలో భలే దొర్లించావు. కానీ మూడో పాదం అచ్చుతో మొదలైంది నాయనా, సంధి చేయకుండా వదిలేశావు, విసంధి. 'నిజమె / యాంగ్ల మడుగ నేల' అంటే దోషం పోతుంది, యతీ చెడదు.

ఒంగోలు పంతులమ్మ:
ఒక సందేహం, మాస్టారూ. 'లేకపోలేదు' అంటే ఉన్నట్టే, ఒప్పుకున్నా. మరి అప్పు అడగడానికి వచ్చినవాడితో 'లేదు లేదు' అంటే ఉన్నట్టా? అది ఆమ్రేడితం, అన్నమాటే మళ్ళీ అనడం కదా. తలుపు వేసి గడియ కూడా పెట్టినట్టు. ఒక లేదు ఇంకో లేదు కడుపులో ఉంటేనే అర్థం తిరగబడుతుంది. పక్కపక్కన నిలబడితే బలపడుతుంది. మీ పాదంలో అవి పక్కపక్కనే ఉన్నాయి.

నిర్వాహకుడు:
పట్టేశావమ్మా. సమస్యకు ప్రాణం ఆ పేచీలోనే ఉంది. విప్పే బాధ్యత కవులది.

డాలస్ కుర్రాడు:
అందరికీ నమస్తే. కొత్తగా పద్యం నేర్చుకుంటున్నాను, తప్పులుంటే తిట్టండి. ఇక్కడ అద్దె ఇల్లు చూడబోయినప్పటి సంగతి.

కుక్క లేదె యనిన గొణిగితి నవు నని
నాకు లేదనుకొని లెక్క వేసి
యెస్సు నమ్మి పెంచె నింటాయనయు నద్దె
లేదు లేదటన్న లేని దెట్లు?

కావలి శిష్యుడు:
అన్నా, నీ కుక్కకు పేరేం పెట్టావ్?

నిర్వాహకుడు:
విషయం బంగారం. రెండో పాదంలో గణాలు సరే గాని నా–లె యతి కాదు బాబూ. మాటల్ని అటూ ఇటూ జరుపు: 'లేదు నాకటంచు లెక్క వేసి'. సరిపోయింది.

ఈ పొరపాటు చేయని తెలుగువాణ్ణి నేను చూడలేదు. 'మీకు కుక్క లేదా?' అని అడిగితే మనం అడిగినవాడి మాటను తూకం వేసి, 'అవును, మీరన్నది నిజమే, లేదు' అంటాం. ఇంగ్లీషులో అడిగిన తీరుతో పనిలేదు. ఇంట్లో కుక్క ఉంటే 'యెస్', లేకుంటే 'నో', అంతే. పిల్లలకు నేను చెప్పే చిట్కా ఒకటుంది: 'యెస్' తరువాత 'ఐ డూ', 'నో' తరువాత 'ఐ డోంట్' కలిపి పూర్తిగా పలకండి. తప్పు చెప్పబోతే నాలుకే అడ్డం తిరుగుతుంది.

విజయనగరం తాత:
నాదీ ఒకటి వేసుకోండి.

అన్లెసునకు నాటు నంటించితి వదేల
యందె లేదు దాఁగె నరసి చూడు;
రమ్మటంచుఁ బిలిచి రావల దంటివే
లేదు లేదటన్న లేని దెట్లు?

నిర్వాహకుడు:
పెద్దలు, వంక పెట్టను. పంతులమ్మ అడిగిన 'కడుపులో లేదు' ఇదే: 'అన్లెస్' కడుపులో 'నాట్' ఉంది. 'రాకపోతే' అని తలచుకుని మొదలుపెట్టిన పిల్లలు 'అన్లెస్ యు డోంట్ కమ్' అని రాసేస్తారు. 'నువ్వు వస్తే తప్ప' అని తలచుకుంటే ఆ 'డోంట్' రాదు.

వరంగల్ లెక్కల సార్:
అందరు రాస్తున్నరని నేను గూడ ఒకటి కట్టిన. లెక్కలోణ్ణి, పద్యం కొత్త.

బస్సు తప్పకున్నఁ బడతినిఁ గలియనే
పెండ్లి లేదు పిదప బిడ్డ లేదు;
నేఁడు వారె యింట నిండుగ నున్నారు
లేదు లేదటన్న లేని దెట్లు?

ఒంగోలు పంతులమ్మ:
అయ్యబాబోయ్! నా పూరణ వెనక్కి తీసుకుంటున్నా.

నిర్వాహకుడు:
సార్, పద్యం కొత్తంటే నేను నమ్మను. 'ఇఫ్ ఐ హాడ్న్‌ట్ మిస్డ్ ద బస్, ఐ వుడ్న్‌ట్ హావ్ మెట్ హర్.' రెండు నాట్‌లు, రెండు పనులూ జరిగాయి. బస్సు తప్పింది, ఆమె కనబడింది. మూడో రకం ఇఫ్ వాక్యం చెప్పేటప్పుడు నేను సుద్దముక్కతో బోర్డు నిండా గీతలు గీసేవాణ్ణి. మీరు నాలుగు పాదాల్లో తేల్చారు.

ఒక్క చోట ఆగాను. 'కలియనే' అన్నారు. మన వ్యతిరేక క్రియకు కాలం పట్టింపు లేదు. 'రాను' అంటే రోజూ రాను, రేపు రాను, రెండూ. అందుకని జరిగిపోయిన ఊహ అని ఆ మాట ఒక్కటే చెప్పలేకపోతోంది, బస్సు ఆదుకుంది. మాటల్లోనైతే 'కలిసేవాణ్ణి కాదు' అంటాం.

ఆ 'ఏవాణ్ణి' దగ్గర మనవరాలికి నిన్న ఒకటి చూపించాను. 'చిన్నప్పుడు చెరువులో ఈదేవాణ్ణి' అంటే నిజంగా ఈదాను. 'తీరిక ఉంటే ఈదేవాణ్ణి' అంటే ఈదలేదు. క్రియ ఒక్కటే. ఇంగ్లీషు 'వుడ్' కూడా అంతే: పాత అలవాటుకూ అదే, జరగని ఊహకూ అదే. ఎక్కడో పుట్టిన రెండు భాషలు కలకు నిన్నటి బట్టలే తొడుగుతున్నాయి. 'వుడ్ ఎందుకు తాతా?' అని విసుక్కున్న పిల్ల, 'అంటే మన ఏవాణ్ణేనా!' అని మిగతా పేజీ తనే రాసుకుంది. 'వాన వస్తే'కి మాత్రం 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అనే రాసింది. మన 'వస్తే'లో కాలమే లేదు, పాపం దానికెలా తెలుస్తుంది.

డాలస్ కుర్రాడు:
మాస్టారూ, యతి సరిచేసుకున్నాను. అద్దె మాత్రం సరికాలేదు.

విజయనగరం తాత:
లెక్కల సారూ, ఇంతకీ ఏ ఊరి బస్సు నాయనా?

వరంగల్ లెక్కల సార్:
హన్మకొండ బస్సు తాతగారూ. కని కథ వేరే ఉన్నది. మా ఆమె ఇప్పుడే పద్యం చదివింది. నేను బస్సు తప్పింది పెండ్లయినంక అంట. 'ఎవరా పడతి?' అని అడుగుతున్నది.