‘అంబేద్కర్ బొమ్మ’ అనొచ్చా?

‘అంబేద్కర్ బొమ్మ దగ్గర దిగండి’ అని రాయడం అగౌరవమనీ, ‘విగ్రహం’ అనే రాయాలనీ ఈ చర్చలో ఒకరు గట్టిగా అన్నారు. ఆ అభ్యంతరం నాకు సరిగ్గా అనిపించలేదు.

తెలుగులో బొమ్మ అంటే ఆటవస్తువు ఒక్కటే కాదు. బొమ్మల కొలువులో పై మెట్టు మీద కూర్చునేది దేవుళ్లే. బొమ్మా బొరుసా అన్నప్పుడు బొమ్మ అంటే నాణెం మీద రాజు తల ఉన్న వైపు. నెల్లూరు గాంధీబొమ్మ సెంటర్‌లో ఆటో ఎక్కేవాళ్లెవరూ గాంధీని చిన్నబుచ్చుతున్నామని అనుకోరు. అయితే దిష్టిబొమ్మ దహనాలు రోజూ చూస్తున్నాం కాబట్టి ఆ మాట కొందరికి గుచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆహ్వానపత్రికలోనో శిలాఫలకం మీదో విగ్రహమనే రాద్దాం. మాటల్లో మాత్రం బొమ్మను బతకనివ్వండి.

ఇంతకీ విగ్రహం అంత అమాయకమైన మాటేం కాదు. వి అనే ఉపసర్గ, గ్రహ్ ధాతువు కలిసి వచ్చిన మాట. శరీరం, ఆకారం అనే అర్థాలున్నాయి. సమాసాన్ని విడదీసి చెబితే విగ్రహవాక్యం. ఇక సంధికి, అంటే రాజీకి, ఎదురుగా నిలబెడితే విగ్రహం అంటే పోరు. పంచతంత్ర కథల్లో మిత్రలాభం, మిత్రభేదం చిన్నయసూరి రాస్తే, సంధి, విగ్రహం తెలుగు చేసినవాళ్లలో కందుకూరి వీరేశలింగం ఒకరు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి ఊరి పెద్దలతో ‘విగ్రహానికి’ దిగిందీ ఆయనే. విగ్రహారాధన కూడదన్న ఆ బ్రహ్మసమాజికి ట్యాంక్‌బండ్ మీద విగ్రహం పెట్టి, జయంతికి పూలమాలలు వేస్తున్నాం! చూస్తే ఆయన ఏమనేవారో గాని, ఒక ప్రహసనం మాత్రం తప్పకుండా రాసేవారు.

నన్ను అడిగితే అసలు పట్టుకోవలసినవి వేరే ఉన్నాయి. ‘శిలావిగ్రహం’ సంగతి చూడండి. కంచుదైనా, సిమెంటుదైనా వార్తల్లో శిలావిగ్రహమే. శిల అంటే రాయి కదండీ! కంచుదైతే కాంస్య విగ్రహం అంటే సరిపోతుంది, దేంతో చేశారో తెలియకపోతే ఉత్త విగ్రహం చాలు. ‘నిలువెత్తు’ ఇంకో తంటా. నిలువెత్తు అంటే మనిషి నిలబడితే ఎంతో అంత ఎత్తు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం 125 అడుగులు, దాని కింద పీఠం మరో 50. దాన్ని నిలువెత్తు విగ్రహం అంటే పొగిడినట్టా, తగ్గించినట్టా? ‘భారీ’ అనడం నయం. నడిరోడ్డు కూడలిలో ఆరడుగుల విగ్రహానికి నిలువెత్తు చక్కగా నప్పుతుంది.

ఇదే చర్చలో ఇంకొకరు విజయవాడ స్వరాజ్ మైదానంలోని అంబేద్కర్ విగ్రహానికి పెట్టిన ‘సామాజిక న్యాయ మహాశిల్పం’ అనే పేరు గురించి అడిగారు. 2024 జనవరి 19న ఆవిష్కరించారు, పీఠంతో కలిపి 206 అడుగులు. పేరు నాకు నచ్చింది. శిల్పం అంటే చెక్కిన చేతి పనితనం కూడా గుర్తొస్తుంది, పూజ వాసన తగలదు. కాకపోతే నాలుగు మాటలు కలిసిన పేరు ఆటోవాడికి చెప్పేది కాదు. అక్కడికి వెళ్లాలంటే ‘అంబేద్కర్ విగ్రహం’ అనండి, లేదా ‘అంబేద్కర్ బొమ్మ’ అనండి, తీసుకెళ్తాడు.