గేట్ లేని పాత బోటులో సర్ఫ్ అల: బరువు ఒక మూలకా, రెండు పక్కలకా?

ట్రావిస్‌తీరం:
ఆస్టిన్‌లో స్నేహితులం నలుగురం కలిసి వేక్‌సర్ఫింగ్ కోసం, అంటే బోటు వెనక లేచే అల మీద తాడు వదిలేసి సర్ఫ్ చెయ్యడానికి, 2006 మోడల్ వీ-డ్రైవ్ (ఇంజన్ వెనక భాగంలో ఉండే) బోటు కొన్నాం. 21 అడుగులు, సర్ఫ్ గేట్ (అలను మలచడానికి బోటు వెనక పక్కన నీటికి అడ్డుపడే పలక) లేదు. ఎడమ పక్క ఫ్యాక్టరీ ట్యాంకు నింపి, ఎడమ వెనక మూలలో 750 పౌండ్ల నీళ్ల శాక్ (బరువు కోసం నీళ్లు నింపే సంచి) వేసి ట్రావిస్ సరస్సులో నడుపుతున్నాం. అల ఎత్తుగానే లేస్తోంది, కానీ పాకెట్ (తాడు లేకుండానే అల మనల్ని నెట్టే చోటు) చాలా చిన్నది. తాడు వదిలిన కాసేపటికే వెనకబడిపోతున్నాం. ఇప్పుడు మాలో మాకే గొడవ. అదే మూలలో ఇంకో శాక్ వెయ్యాలని ఇద్దరు. బరువు రెండు పక్కలా సమంగా సర్ది, కుడి పక్కన సక్షన్ కప్పులతో అంటించే సక్ గేట్ కొనాలని మిగతా ఇద్దరం. అందరం రెగ్యులర్, అంటే ఎడమ కాలు ముందు పెట్టేవాళ్లమే, కాబట్టి మాకు ఎడమ పక్క అల చాలు. మీరేమంటారు? కారణంతో చెప్పండి, వాళ్లను ఒప్పించాలి.

లెవిస్‌విల్ బాబాయ్:
మూలకే వెయ్యి తమ్ముడూ. 2012లో మాలిబు బోట్ల కంపెనీ వాళ్లు సర్ఫ్ గేట్ తెచ్చేదాకా అందరూ చేసింది అదే. బోటు ఎడమకు ఒరిగితే ఆ పక్క హల్ (బోటు అడుగు భాగం) లోతుగా దిగుతుంది, అటువైపు అల నున్నగా తేలుతుంది. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. సరస్సు నిండా ఉచితంగా బరువు ఉండగా ప్లాస్టిక్ ముక్కకు డబ్బు ఎందుకు పెట్టాలి? బరువు లేకుండా అల రాదు.

గోదారిగాలి:
బాబాయ్ గారూ, ఎత్తు విషయంలో మీ మాట నిజమే. కానీ ఆయనకు ఎత్తు ఉంది. లేనిది పొడవు, వెనక నుంచి నెట్టే బలం. అదే మూలలో ఇంకో 750 పౌండ్లు వేస్తే ఉన్న జబ్బే ముదురుతుంది.

అల ఎలా పుడుతుందో ఒకసారి చూద్దాం. బోటు ముందుకు పోతుంటే ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) వెనక నీళ్లలో గుంట పడుతుంది. దాన్ని పూడ్చడానికి రెండు పక్కల నుంచీ నీళ్లు దూసుకొస్తాయి. రెండూ ఒకేసారి కలిస్తే రెండు పక్కలా నురగే తప్ప సర్ఫ్ చేసే అల ఉండదు. ఒక పక్క నీటిని కాస్త ఆలస్యం చేస్తే రెండో పక్క అల శుభ్రంగా నిలుస్తుంది. బోటును ఒరిగించినా, గేట్ పెట్టినా జరిగేది ఇదే. అందుకే ఎడమ అల కావాలంటే గేట్ కుడి పక్కన ఉంటుంది.

తేడా ఎక్కడంటే, ఒరిగించినప్పుడు కుడి పక్క హల్ నీళ్లలోంచి పైకి లేస్తుంది. అక్కడి ట్యాంకు ఖాళీగా ఉంచాలి. అంటే పక్కకు జరిపే నీళ్లను మనమే తగ్గించుకుంటున్నాం. గేట్ ఉంటే రెండు ట్యాంకులూ నింపుకోవచ్చు, బోటు మొత్తం దిగుతుంది, అదే బరువుకు అల పొడవుగా వస్తుంది.

అయినా గేట్ కొనేముందు చెయ్యాల్సినవి ఉన్నాయి. మొదటిది వేగం. లోతు నీటిలో బోటు వెనక అల పొడవు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 10 మైళ్ల దగ్గర అది సుమారు 42 అడుగులు, 11 మైళ్ల దగ్గర సుమారు 51. ఒక్క మైలుకు తొమ్మిది అడుగుల తేడా! నెమ్మదిగా పోతే అల నిటారుగా, పొట్టిగా ఉంటుంది. వేగం పెంచితే సాగుతుంది, వాలు తగ్గుతుంది. పాత బోట్లలో నీటి చక్రంతో కొలిచే మీటర్‌ను నమ్మకండి, జీపీఎస్ చూడండి. 0.2 మైళ్ల చొప్పున మార్చండి.

రెండోది ముందు భాగం. ఎద్దుబండిలో బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేచినట్టు, మీ బోటు ముక్కు పైకి లేచి ఉంటుంది. ముందు కొంత బరువు పెడితే అల ఎత్తు కొంచెం తగ్గి పొడుగ్గా సాగుతుంది. దీనికి కొత్త శాక్ అక్కర్లేదు. మనుషుల్ని జరపండి. 160 పౌండ్ల మనిషి ఎడమ సీటు నుంచి కుడికి మారినా అల మారిపోతుంది. ట్యాంకులో పెట్రోల్ కూడా గ్యాలన్‌కు ఆరు పౌండ్ల పైనే, అదీ లెక్కే. ఒకసారికి ఒక్కటే మార్చండి. వేగం, బరువు, మనుషులు అన్నీ కలిపి మారిస్తే ఏది పని చేసిందో ఎవరికీ తెలియదు.

లెవిస్‌విల్ బాబాయ్:
వేగం సంగతి ఒప్పుకుంటాను. సక్ గేట్ మాత్రం నాకు నచ్చదు. పాత జెల్‌కోట్ (బోటు పైపూత) మీద కప్పు సరిగా పట్టదు, నడుస్తుండగా ఊడితే తాడు కట్టి ఉండాలి, లేకపోతే సరస్సు పాలు. పైగా బోటును గేట్ పక్కకు లాగుతుంది, డ్రైవర్ స్టీరింగ్ పట్టుకునే ఉండాలి.

గోదారిగాలి:
ఒరిగించిన బోటు మాత్రం లాగదా? రెండింటిలోనూ డ్రైవర్‌కు పని తప్పదు. జెల్‌కోట్‌ను ముందు ఆల్కహాల్‌తో తుడిచి, కప్పులు తడిపి అంటిస్తే బాగా పడుతుంది. తాడు కట్టాల్సిందే, అందులో వాదం లేదు.

ఫ్రిస్కో వదిన:
మా ఇంట్లో బోటు నడిపేది నేనే కాబట్టి ఒక మాట. ముందు బరువు పెట్టమని తేలిగ్గా చెబుతున్నారు. ఓపెన్ బో (ముక్కు దగ్గర పైకప్పు లేకుండా సీట్లు) ఉన్న పాత బోటులో ముందు శాక్ వేసి, ఇద్దరు పిల్లల్ని కూడా అక్కడే కూర్చోబెట్టి, పడిపోయినవాళ్ల కోసం గబుక్కున వెనక్కి తిరిగితే మన అలే ముక్కు మీదుగా లోపలికి వస్తుంది. ముందు బరువు ఉంటే అక్కడ మనుషులు వద్దు. మెల్లగా, సగం వేగంలో తిరగండి. అమెరికాలో ఫెడరల్ రూల్ ప్రకారం కెపాసిటీ ప్లేట్ (ఎంత బరువు మొయ్యొచ్చో రాసి ఉండే రేకు) తప్పనిసరి 20 అడుగుల లోపు బోట్లకే. మీది 21 అడుగులు కాబట్టి ప్లేట్ లేకపోయినా యజమాని పుస్తకంలో పరిమితి చూసుకోండి, శాకుల్లో నీళ్లను కూడా అందులో కలిపి లెక్కేయండి.

ఇంకోటి, సర్ఫ్ చేసేవాళ్లు ట్రాన్సమ్‌కు చాలా దగ్గరగా ఉంటారు, కార్బన్ మోనాక్సైడ్ అక్కడే పేరుకుంటుంది. ఇంజన్ నడుస్తుండగా బోటు వెనక ప్లాట్‌ఫాం మీద ఎవర్నీ కూర్చోనివ్వొద్దు. ఎగ్జాస్ట్‌ను నీళ్ల అడుగుకు దించే పైపు దొరుకుతుంది. నాకైతే గేట్ కంటే ముందు కొనాల్సింది అదే.

మిన్నెసోటా చలి:
అల పెద్దది చెయ్యడం గురించే మాట్లాడుతున్నారు, అది చివరికి ఎక్కడ తగులుతుందో కూడా చూడాలి. యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా సెయింట్ ఆంథనీ ఫాల్స్ లాబొరేటరీ 2022లో కొలతలు తీసి, వేక్‌సర్ఫ్ బోట్లు తీరానికీ డాక్‌లకీ 500 అడుగులైనా దూరంగా ఉండాలంది. మామూలు బోట్లకు 200 చాలట. వర్మాంట్‌లో 2024 నుంచి 500 అడుగుల దూరం, 20 అడుగుల లోతు రూలే పెట్టారు. బరువు పెంచుతూ పోతే మీ సరస్సుకూ అదే రూలు వస్తుంది.

గోదారిగాలి:
నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. మన స్వార్థం కోసమైనా అదే మంచిది. నీటి లోతు అల పొడవులో సగం కంటే తగ్గితే అలకు అడుగు తగలడం మొదలవుతుంది. 11 మైళ్ల అలకు అది 25 అడుగులు. ట్రావిస్‌లో కరవు వచ్చినప్పుడు నీటిమట్టం బాగా పడిపోతుంది, పోయిన ఏడాది లోతున్న చోటు ఈ ఏడాది ఉండకపోవచ్చు. డెప్త్ మీటర్ చూస్తూ సరస్సు మధ్యలో నడపండి.

ట్రావిస్‌తీరం:
అందరికీ థాంక్స్. ఈ వారాంతం ఏమీ కొనకుండానే మార్చి చూశాం. జీపీఎస్‌లో చూస్తే మేం 10 దగ్గరే నడుపుతున్నాం, మీటర్ మాత్రం 11 చూపిస్తోంది. 10.8కి పెంచితే పాకెట్ స్పష్టంగా సాగింది. ఒకరిని ఎడమ మూల నుంచి డ్రైవర్ పక్క సీటుకు జరిపితే ఇంకాస్త నయం. అల ఎత్తు మాత్రం కొద్దిగా తగ్గింది, బరువు పార్టీ వాళ్లు దాన్నే పట్టుకున్నారు. వచ్చే నెల సక్ గేట్ అద్దెకు తెచ్చి రెండు ట్యాంకులూ నింపి చూస్తాం.

లెవిస్‌విల్ బాబాయ్:
ఎత్తు తగ్గిందని నేను ముందే అనుకున్నాను. గేట్ పెట్టినప్పుడు కూడా అదే 10.8లో, అదే మనుషులతో, అంతే పెట్రోల్‌తో నడిపి వీడియో పెట్టు, అప్పుడు మాట్లాడదాం. ర్యాంప్ దగ్గర శాకులు, ట్యాంకులు పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టడం మర్చిపోవద్దు. ట్రావిస్‌లో 2017 నుంచి జీబ్రా మసెల్స్ (బోట్లతో ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పాకే చిన్న ఆల్చిప్పలు) ఉన్నాయి, నీళ్లు తీసెయ్యకుండా బోటు తరలిస్తే టెక్సాస్‌లో చట్టప్రకారం నేరం.

ట్రావిస్‌తీరం:
పెడతాను బాబాయ్. శాక్ మడతల్లో మిగిలిన నీళ్లు పంపుతో రావట్లేదు, దానికి మీరేం చేస్తారు?

లెవిస్‌విల్ బాబాయ్:
మూత తీసి, డాక్ మీద పరిచి, ఒక చివర నుంచి చుట్టుకుంటూ రా. ఇద్దరైతే తేలిక.