బీపీ పట్టీ కట్టగానే వణికిపోయే రోగితో ఎలా మెలగాలి?

ప్రశ్న (స్టాఫ్ నర్సు):
నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. నలభై దాటిన ఒకామె మూడేళ్లుగా బీపీ, షుగరు మందులకు వస్తున్నారు. చేతికి పట్టీ కట్టి గాలి కొట్టగానే వణికిపోతారు. ఎవరైనా గొంతు పెంచితే మందులు తీసుకోకుండానే వెళ్లిపోతారు. ఒకసారి "మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదా?" అని నేనే కసిరాను, తర్వాత రెండు నెలలు ఆమె రాలేదు. చిన్నప్పుడు తండ్రి తాగి వచ్చి చేతులు కట్టేసి కొట్టేవాడని ఈమధ్య ఆమె చెల్లెలు చెప్పారు. ఆనాటి హింసకూ నేటి జబ్బుకూ సంబంధం ఉంటుందా? ఆ సంగతి నేను ఆమెను అడగవచ్చా?

జవాబు (వైద్యుడు):
సంబంధం ఉండవచ్చునండీ. అమెరికాలోని శాన్ డియేగోలో ఫెలిట్టి, ఆండా అనే వైద్యులు వేలాది మంది పెద్దవారిని చిన్ననాటి హింస, ఇంట్లో తాగుడు వంటి అనుభవాల గురించి అడిగి, 1998లో ఫలితాలు ప్రకటించారు. అలాంటి అనుభవాలు నాలుగు రకాలు లేదా అంతకు మించి ఉన్నవారికి, ఏ ఒక్కటీ లేనివారితో పోలిస్తే, తాగుడు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. గుండె జబ్బులూ ఆ అనుభవాల సంఖ్యతో పాటే పెరిగాయి. ఆపద గడిచిపోయినా శరీరం కాపలా మానకపోవడంతో అడ్రినలిన్, కార్టిసాల్ పదేపదే పెరిగి బీపీనీ షుగరునూ పైకి నెడతాయి. అయితే ఈమె జబ్బుకు అదే కారణమని తేల్చలేం. అలాంటి అనుభవాలను లెక్కగట్టి వేసే స్కోరుతో ఒక్కొక్క రోగి ముప్పును అంచనా వేయకూడదని ఆండాయే 2020లో హెచ్చరించారు. వణుకుతున్నప్పుడు వచ్చిన అంకెను నమ్మి మాత్రం మోతాదు పెంచకండి. ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోనిచ్చి మళ్లీ చూడండి.

జవాబు (కౌన్సెలర్):
చెల్లెలు చెప్పిన మాటను మీరుగా ఎత్తవద్దు. ఆమె కథ వినకుండానే ఆమెను భద్రంగా చూసుకోవచ్చు. మానసిక గాయాన్ని ఎరిగి చేసే వైద్యంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. పట్టీని ముందు ఆమె చేతికిచ్చి, "ఇది కాసేపు బిగుసుకుంటుంది, వద్దంటే వెంటనే గాలి తీసేస్తాను" అని చెప్పి, ఏ చేతికి కట్టమంటారో అడగండి. వద్దంటే నిజంగానే ఆపండి. తానుగా చెప్పదలచుకుంటే వరుసలో అందరి ముందూ కాక, తలుపున్న గదిలో వినండి. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇప్పటికీ ఇంట్లో హింస ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. ఆ నంబర్లను ఆమెను అడగకుండా చీటీ మీద రాసివ్వకండి, అది ఇంట్లో ఎవరి చేతిలో పడుతుందో తెలియదు.

జవాబు (ఒక రోగి):
నేనూ ఆమెలాంటిదాన్నే. ఒక నర్సు నా కుర్చీని తలుపు కనబడేలా తిప్పారు, ఎందుకు భయపడుతున్నావని అడగలేదు. ఆ తర్వాత నేను ఒక్క పరీక్షా మానలేదు. ఆమె ఈసారి వచ్చినప్పుడు "ఆ రోజు నేను కసరడం తప్పు" అని ముందు చెప్పండి. పట్టీ సంగతి తర్వాత.