సామాజిక శాస్త్రాల్లో చెప్పుకోదగ్గ ఘనత ఏముంది?

ప్రశ్న (బరంపురం): మా చెల్లెలు డిగ్రీ ముగించి సోషియాలజీలో ఎం.ఏ. చేస్తానంటోంది. అందులో సాధించేదేముందని మా పెద్దనాన్నగారు అడుగుతున్నారు. ఈ రంగంలో అధ్యాపకులు, విద్యార్థులు ఇటీవల ఏమి సాధించారో వివరించగలరా?

జవాబు (పర్లాకిమిడి): 2019లో అర్థశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో గురుశిష్యులు, 1999లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఆమె పొందిన డాక్టరేట్‌కు పర్యవేక్షకుల్లో ఆయన ఒకరు. (తరువాత దంపతులయ్యారన్నది వేరే సంగతి.) కొత్త మందును పరీక్షించినట్టే, ఊళ్లను చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపులోనే పథకాన్ని అమలుచేసి, తేడాను కొలిచే పద్ధతిని వారు పేదరిక అధ్యయనంలో స్థిరపరిచారు.

జవాబు (కోరాపుట్): అంత దూరం పోనక్కరలేదండి. మీ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా ఉన్న రోజుల్లో సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ కృషి ఫలితంగా 1931లో ఆ భాషా బోధిని, 1938లో నిఘంటువు వెలువరించారు. మా ఊళ్లో 2009లో ఏర్పడిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ, ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) రెండూ ఉన్నాయి. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన అమ్మాయికి సరిహద్దు పల్లెల్లో సర్వే చేయడానికి దుబాసీ అక్కరలేదు. నా దృష్టిలో అది మార్కులకన్నా విలువైన అర్హత.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. గిడుగువారి పేరు వినగానే పెద్దనాన్నగారు ఫీజు ఎంతో కనుక్కోమన్నారు.