కైండ్ ఆఫ్ బ్లూ పాత ఎల్పీ: మొదటి వైపు స్పీడు ఎంత తగ్గించాలి?

మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ 1959 మార్చి 2 రికార్డింగ్ సెషన్‌లో మాస్టర్ టేప్ మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. అందుకే పాత ఎల్పీల్లో మొదటి వైపు మూడు ట్రాకులూ శ్రుతి పెరిగి వినిపిస్తాయి. 1992 రీఇష్యూలో సరిచేశారు. ఏప్రిల్ 22 నాటి రెండో వైపుకి ఈ బాధ లేదు.

పాత ఎల్పీని డిజిటల్‌లోకి ఎక్కించి సరిచేయాలి. టర్న్‌టేబుల్ నిమిషానికి 33⅓ చుట్ల దగ్గరే ఉంది, స్ట్రోబ్ డిస్క్‌తో (వేగం సరిచూసే గీతల పళ్లెం) చూశాను. ఒట్టి పిచ్ షిఫ్ట్ (శ్రుతి మాత్రమే మార్చడం) చేస్తే టెంపో అలాగే ఉండిపోతుంది, పైగా డ్రమ్మర్ జిమ్మీ కాబ్ రైడ్ సింబల్ చప్పుడు అలుక్కుపోతుంది. కాబట్టి స్పీడే తగ్గించాలి. ఎంత శాతం?

బిల్ ఎవాన్స్ పియానో 'డి' స్వరాన్ని ట్యూనర్‌తో కొలిస్తే చాలా? ఆ పియానో సరిగ్గా 440కే ('ఎ' స్వరం 440 హెర్ట్జ్ అనే ప్రామాణిక శ్రుతి) ఉందా అన్నదే నా అనుమానం. లేక 1992 డిస్క్‌లో బాస్ మొదటి స్వరం నుంచి ట్రంపెట్ సోలో మొదలయ్యేదాకా సెకన్లు లెక్కపెట్టి పోల్చాలా? మూడింటికీ ఒకే శాతం సరిపోతుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.