26 ఏళ్లకే ముందు జుట్టు పోతోంది, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఇప్పుడే చేయించుకోవచ్చా?

రాజమండ్రి_కుర్రాడు

అందరికీ నమస్తే. నాకు 26, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. రెండేళ్ల నుంచి నుదురు రెండు పక్కలా జుట్టు వెనక్కి పోతోంది, నడినెత్తి మీద కూడా లైట్ పడితే చర్మం కనిపిస్తోంది. పొద్దున లేవగానే దిండు మీద వెంట్రుకలు చూసుకోవడంతోనే రోజు మొదలవుతోంది. నాన్నకి 35 కల్లా మొత్తం పోయింది, మేనమామకీ అంతే. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, రెండు చోట్ల ఫోటో చూసి అబ్బాయికి వయసు ఎక్కువలా ఉందే అన్నారట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు అమ్మ నా మొహం చూడలేదు, బియ్యం ఏరుకుంటూ చెప్పింది, అది మనసులోంచి పోవట్లేదు.

పోయిన వారం ఒక క్లినిక్‌కి వెళ్లా. డాక్టర్ అసలు కనపడలేదు, కౌన్సెలర్ అని ఒకావిడ వచ్చి నుదుటి మీద మార్కర్‌తో గీత గీసి, 3000 గ్రాఫ్టులు (వెనక నుంచి తీసి ముందు నాటే వెంట్రుకల కుదుళ్లు) పడతాయి, గ్రాఫ్టుకి 40 రూపాయలు, ఈ రోజే 10 వేలు అడ్వాన్స్ కడితే 30కే చేయిస్తా అంది. ఇంకా కట్టలేదు, రేపటి వరకు టైమిచ్చారు. మూడు నెలల్లో పెళ్లిచూపులు మొదలవుతాయి, ఆలోపు సెట్ అయిపోతుందా? ట్యాబ్లెట్లు వాడితే సంసారానికి పనికిరావని రూమ్మేట్స్ భయపెడుతున్నారు, అందుకే మందుల జోలికి పోకుండా డైరెక్ట్‌గా సర్జరీ అనుకుంటున్నా. చేయించుకున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_అన్న

తమ్మీ, ఆ పైసలు కట్టకు. నేను 24 ఏండ్లకు చేయించుకున్న, ఇప్పుడు నాకు 35. అప్పుడు నాకు గూడ నీ లెక్కనే ముందల రెండు దిక్కులే పోయినయి, నడినెత్తి మంచిగనే ఉండె. 2500 గ్రాఫ్టులు పెట్టి ముందటి గీత బాగా కిందికి దించిన్రు, ఇంటర్ పిలగాని లెక్క, నేనే అట్ల అడిగిన. ఏడాదికి మస్తుగ వచ్చింది, అబద్ధం చెప్పను. మందులు వాడాలె అని కాగితం మీద రాసిచ్చిన్రు గని అవి ఎందుకు వాడాల్నో ఎవ్వలు కూసోబెట్టి చెప్పలే, మూడు నెలలు వాడి జుట్టు వచ్చింది కదా అని బంద్ పెట్టిన.

గక్కడనే దెబ్బతిన్న. పెట్టిన జుట్టు పోలే, దాని ఎనక ఉన్న నా సొంత జుట్టు పోవుడు ఆగలే. ఇప్పుడు ముందల మూడు వేళ్ల వెడల్పు పట్టీ లెక్క జుట్టు, దాని ఎనక అంతా ఖాళీ. బండి మీద పోయి హెల్మెట్ తీసిన ప్రతిసారి ముందుగాల అద్దంల చూసుకుని ఆ పట్టీని ఎనక్కి దువ్వుకుంట. రెండోసారి చేయించుకుందామని వేరే డాక్టర్ దగ్గరికి పోతే మెడ మీద భాగం లెన్స్ పెట్టి చూసి, ఇంక 1200 కంటె ఎక్కువ తియ్యరాదు, తీస్తే ఎనక గూడ పల్చబడి కనపడ్తది అన్నడు. నడినెత్తికి ఒక్కదానికే అంతకు రెండింతలు కావాలె. 24ల ముందల ఖర్చు పెట్టుకోకపోతే ఇయ్యాల అవి నా దగ్గర ఉండేటివి.

చర్మం_డిపార్ట్‌మెంట్_వైజాగ్

నేను డెర్మటాలజీలో ఎండీ చేస్తున్నాను అండి. పై అన్నగారికి జరిగింది మా ఓపీలో తరచూ చూస్తుంటాం, ఎందుకలా అవుతుందో చెప్తా. మగవాళ్లలో వచ్చే బట్టతలలో డీహెచ్‌టీ అనే హార్మోన్‌కి ముందు, నడినెత్తి కుదుళ్లు లొంగిపోయి వెంట్రుక ఏటికేడు సన్నబడుతుంది. తల వెనక, చెవుల పైన ఉండే కుదుళ్లు దానికి పెద్దగా లొంగవు, వాటిని తీసి ముందు పెట్టినా ఆ గుణం అలాగే ఉంటుంది. 1959లో ఓరెన్‌ట్రైక్ అనే డాక్టర్ చూపించిన ఈ సంగతి మీదే ఈ సర్జరీ అంతా నిలబడింది. అంటే కొత్త జుట్టు పుట్టదు, ఉన్నదాన్ని చోటు మారుస్తారు అంతే. వెనక నుంచి జీవితం మొత్తంలో తీయగలిగేది చాలామందికి 5000, 6000 గ్రాఫ్టుల దగ్గరే ఆగిపోతుంది. 26లో 3000 వాడేసి, నాన్నగారిలా 35కి మొత్తం పోతే అప్పుడు ఏం చేస్తారు?

పెళ్లిచూపుల లెక్క అసలు కుదరదు. పెట్టిన వెంట్రుకలు రెండు నుంచి ఆరు వారాల్లో రాలిపోతాయి, కుదురు లోపలే ఉంటుంది కానీ పైకి ఏమీ కనపడదు. ఒక్కోసారి చుట్టుపక్కల ఉన్న సొంత జుట్టు కూడా ఆ దెబ్బకి కొంత రాలుతుంది. మూడు నాలుగు నెలలకి సన్నగా మొలుస్తాయి, ఫలితం ఇదీ అని చెప్పాలంటే ఏడాది. మీరు మూడో నెలలో పెళ్లిచూపులకి కూర్చుంటే ఇప్పటికంటే పల్చగా కనిపించే అవకాశమే ఎక్కువ.

మీ రూమ్మేట్స్ భయపెడుతున్న ట్యాబ్లెట్ ఫినాస్టరైడ్. దాని 1 మిల్లీగ్రామ్ మాత్రని అమెరికాలో జుట్టు కోసం 1997లో అనుమతించారు. ఆ ట్రయల్స్‌లో కోరిక తగ్గడం లాంటి లైంగిక ఇబ్బందులు చెప్పినవాళ్లు నూటికి నలుగురు లోపే, పోలిక కోసం ఇచ్చిన, మందు లేని ఉత్తి మాత్ర మింగినవాళ్లలోనూ నూటికి ఇద్దరు అదే చెప్పారు. ఎక్కువమందికి ఆపితే తగ్గిపోతుంది, ఆపినా తగ్గలేదని చెప్పేవాళ్లూ కొందరున్నారు, మానసికంగా కుంగుబాటు ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కి చెప్పాలి. అందుకే మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోవద్దు. అలాగని రూమ్మేట్ మాట మీద వదిలేయొద్దు కూడా, ఎందుకంటే మందు వద్దు అనుకునేవాళ్లకి ఈ వయసులో సర్జరీ మరీ రిస్క్. తలకి రాసుకునే మినాక్సిడిల్ అనే మందు మొదలుపెడితే మొదటి వారాల్లో ఇంకొంచెం రాలుతుంది, అది చూసి భయపడి ఆపేస్తారు చాలామంది, ఆపకండి.

ఈ మధ్య డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం ఏమైనా వచ్చిందా? వస్తే రెండు మూడు నెలలకి గుత్తులుగా రాలుతుంది, అది దానంతటదే తిరిగొస్తుంది. పేనుకొరుకుడు అయితే దాని ట్రీట్‌మెంట్ వేరు. ముందు చర్మవ్యాధుల డాక్టర్ లెన్స్‌తో చూసి ఇది ఏ రకం అని తేల్చాలి. ఇంకోటి, ఈ సర్జరీ ఎవరు చేయొచ్చో నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది, యూట్యూబ్‌లోనో వర్క్‌షాప్‌లోనో చూసి నేర్చుకుంటే సరిపోదని కూడా రాసింది. మత్తు ఎవరిస్తారు, గాట్లు ఎవరు పెడతారు, ఆ రోజు డాక్టర్ ఎంతసేపు గదిలో ఉంటారు, ఈ మూడూ అడగండి. జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

బెంగళూరు_బాబాయ్

మంచిగా జరిగినవాడి మాట కూడా ఒకటి ఉండాలి కదా అని రాస్తున్నా. నేను 38లో ఎఫ్‌యూఈ, అంటే కుదుళ్లని ఒక్కొక్కటిగా తీసి పెట్టే పద్ధతిలో, చేయించుకున్నా, 2200 గ్రాఫ్టులు, ఏడాదిన్నర అయింది, చాలా తృప్తిగా ఉన్నా. కానీ అంతకుముందు రెండేళ్లు మందులు వాడి, ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని, రాలడం ఆగింది అని నాకూ డాక్టర్‌కీ నమ్మకం కుదిరాకే వెళ్లా. ముందు గీత కూడా కొంచెం పైకే పెట్టించుకున్నా, 50లో కూడా మొహానికి నప్పాలి కదా.

ఆ రోజు సంగతి చెప్తా. వెనక జుట్టు మొత్తం మిషన్‌తో కొట్టేస్తారు, మత్తు ఇంజెక్షన్లు మాత్రం బాగా నొప్పి, కళ్లలో నీళ్లొచ్చాయి, తర్వాత ఏమీ తెలీదు, చిన్న చిన్న టిక్ టిక్ శబ్దం తప్ప. ఎనిమిది గంటలు పట్టింది, మధ్యలో ఇడ్లీ పెట్టారు. మూడో రోజుకి నుదురు వాచి ఆ వాపు కళ్ల మీదకి దిగింది, మా పాప దగ్గరకి రాలేదు. వారం రోజులు తల ఎత్తులో పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి, పది రోజులకి చెక్కులన్నీ ఊడాయి. డబ్బు విషయం, ఇన్సూరెన్స్ రాదు, పైన జీఎస్టీ కూడా పడుతుంది, చెప్పిన రేటులో అది కలిపారో లేదో అడుగు.

తిరుపతి మొక్కులున్నవాళ్లకి ఒక మాట. వెనక చర్మాన్ని పట్టీలా కోసి తీసే ఎఫ్‌యూటీ పద్ధతిలో అడ్డంగా మచ్చ ఉంటుంది, గుండు చేయిస్తే అది కనిపిస్తుంది. ఎఫ్‌యూఈలో చిన్న తెల్ల చుక్కలు. నేనైతే ముందే కొండకెళ్లి తలనీలాలు ఇచ్చేసి, జుట్టు మళ్లీ పెరిగాక డాక్టర్‌కి చూపించుకున్నా.

గుంటూరు_అక్క

తమ్ముడూ, ఆడపిల్ల వైపు నుంచి చెప్తున్నా. నాకు సంబంధాలు చూసేటప్పుడు ఒకాయన విగ్ పెట్టుకుని వచ్చి చెప్పలేదు, తర్వాత తెలిసింది, దాచాడనే వద్దన్నాం. మా ఆయనకి అప్పటికే సగం జుట్టు లేదు, ఫోటోలో ఎలా ఉన్నాడో ఎదురుగా కూడా అలాగే ఉన్నాడు. నువ్వు మూడు నెలల కోసం తొందరపడి జీవితాంతం సరిపెట్టుకోవాల్సిన జుట్టుని ఖర్చు చేసుకోకు.

రాజమండ్రి_కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్, ముఖ్యంగా ఓరుగల్లు అన్నకి, ఇది రాయడం మీకు ఎంత కష్టమో అర్థమైంది. అడ్వాన్స్ కట్టలేదు, వాళ్లు ఆరుసార్లు ఫోన్ చేశారు. నిన్న స్కిన్ డాక్టర్ దగ్గరకెళ్లా, లెన్స్‌తో స్క్రీన్ మీద చూపించారు, నడినెత్తిలో ఒకే చోట లావు వెంట్రుకలు, నూలుపోగు లాంటివి కలిసి ఉన్నాయి, వెనక మాత్రం అన్నీ ఒకే లావు. జుట్టు సన్నబడటం ఇంకా నడుస్తోంది, ఇప్పుడు సర్జరీ వద్దు, ఏడాది మందులు వాడి రా అన్నారు. ట్యాబ్లెట్ గురించి నా భయాలన్నీ అడిగా, విసుక్కోకుండా చెప్పారు, మొదలుపెట్టా.

నెలకోసారి ఒకే చోట ఒకే వెలుతురులో ఫోటో తీసుకోమన్నారు. వీకెండ్ ఇంటికి వచ్చా కదా, మొదటిది ఇవాళ పొద్దున డాబా మీద అమ్మే తీసింది, నాలుగు వైపులా.